పుట్టినతేదీ – ఎక్స్‌రే – మన సంతకం

మన సంఘ సమావేశాల్లో, ముఖ్యంగా భోజనాల వేళ, ఈ మధ్య ఒక మాట తరచుగా వినవస్తోంది. "మనం కాగితాలతో వచ్చినవాళ్లం. ఈ పడవలెక్కి వచ్చేవాళ్లు గడ్డాలూ మీసాలూ పెట్టుకుని పదహారేళ్లని చెబుతున్నారు. చెయ్యి ఎక్స్‌రే తీస్తే నిజం తేలిపోదూ?" అని. ఈ మాట అనేవాళ్లు బ్యాంకు ఉద్యోగులో కంప్యూటరు ఇంజనీర్లో అయితే మేము నవ్వి ఊరుకుందుము. కాని అంటున్నది వైద్యులు. మనతో కలిసి చదివినవాళ్లు, అవే పుస్తకాలు చదివినవాళ్లు, అవే పరీక్షలు రాసినవాళ్లు. ఊరుకోవడం మాకు చేతకావడం లేదు.

ఇది రాస్తున్న మేము ముప్పయ్యో పడిలో ఉన్నవాళ్లం. తెలుగునాట ఎం.బి.బి.యస్. చదివి ఇంగ్లండు ఆసుపత్రుల్లో పని చేసుకుంటున్నవాళ్లం. మా పాసుపోర్టుల మీద పుట్టినతేదీ ఉంది. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? పదో తరగతి సర్టిఫికెట్టు నుంచి. ఆ సర్టిఫికెట్టులోకి ఎక్కడి నుంచి వచ్చింది? బడి రిజిస్టరు నుంచి. రిజిస్టరులోకి? ఒకటో తరగతిలో వేయడానికి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లిన తాతగారో మేనమామో చెప్పిన మాట నుంచి. లేదా వాళ్లు చెప్పలేకపోతే హెడ్‌మాస్టరుగారి కలం నుంచి. జూన్ 1, జూలై 1 తేదీల్లో పుట్టిన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మన సంఘ సభ్యుల జాబితా తీసి చూసుకోండి. మన తల్లులందరూ బడులు తెరిచే వేళకే ప్రసవించారని ఎవరైనా నమ్ముతారా? బడిలో చేర్చుకోవడానికి వయసు చాలదని పెంచిన ఏళ్లున్నాయి. సర్కారు నౌకరీలో రెండేళ్లు కలిసి వస్తాయని తగ్గించిన ఏళ్లున్నాయి. 1983లో రామారావుగారి ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు రిజిస్టరులోని ఒక్క అంకె విలువ ఎంతో మన పెద్దలకు రాత్రికి రాత్రి తెలిసివచ్చింది.

ఇదంతా మోసమని మేము అనడం లేదు. పుట్టినరోజును తిథితో, నక్షత్రంతో గుర్తు పెట్టుకునే సమాజం మనది. "ప్రజోత్పత్తి నామ సంవత్సరం, గోదావరి పుష్కరాల ఏడు" అని అమ్మమ్మ చెప్పింది అబద్ధం కాదు. అంతకన్నా నిజం ఆమె దగ్గర లేదు. అయితే 1991 ఉగాది నుంచి 1992 ఉగాది దాకా ఆ సంవత్సరంలో ఏ రోజైనా కావచ్చు. ఆ అమ్మమ్మను డోవరు రేవులో నిలబెట్టి, దుభాషీ చేత "తేదీ చెప్పు, నెల చెప్పు" అని గద్దిస్తే ఏం చెబుతుంది? రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెబుతుంది. ఆ తేడాను పట్టుకుని "పొంతన లేదు, కనుక అబద్ధం" అని రాసుకునేవాళ్లే ఇక్కడి వాళ్లు.

అఫ్గనిస్తాను కుర్రవాడు తాను 1387లో పుట్టానంటాడు. వాళ్ల సంవత్సరం మార్చి నెలలో మొదలవుతుంది. ఆ లెక్కన 2008 మార్చి నుంచి 2009 మార్చి దాకా ఎప్పుడైనా కావచ్చు. ఇథియోపియా పంచాంగానికి పదమూడు నెలలు. అది మన ఇంగ్లీషు లెక్కకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో వెనక నడుస్తుంది. ఏడు కలపాలా ఎనిమిది కలపాలా అన్నది నెలను బట్టి ఉంటుంది. అధికారి ఏడు కలపవలసిన చోట ఎనిమిది కలిపితే పిల్లవాడి వయసు ఏడాది తగ్గుతుంది, ఎనిమిదికి బదులు ఏడు కలిపితే ఏడాది పెరుగుతుంది. పదిహేడేళ్లవాడు ఆ కూడికలోనే పెద్దవాడైపోతాడు. ఇక్కడి శరణార్థుల కార్డుల మీద జనవరి 1 పుట్టినతేదీగా ఎంత తరచుగా కనబడుతుందో ఆ కార్డులు చూసిన వైద్యులందరికీ తెలుసు. మన జూలై 1కి అది అన్నదమ్ములే. మన జూలై 1ని చూసి వీసా ముద్ర వేసిన రాజ్యమే వాళ్ల జనవరి 1ని చూసి ముఖం చిట్లిస్తోంది. తేడా నిజాయతీలో లేదు. మన తేదీ మీద ఒక బోర్డు ముద్ర ఉంది, వాళ్లది లేదు. అంతే.

ఏడాది అటయితేనేం, ఇటయితేనేం అంటారా? ఈ దేశంలో పద్దెనిమిది అనే గీతకు ఇవతల ఉన్నవాడు 1989 నాటి బాలల చట్టం కింద స్థానిక కౌన్సిలు బిడ్డ. కౌన్సిలే అతనికి ఇల్లు చూపాలి, సోషల్ వర్కరును ఇవ్వాలి, బడిలో వేయాలి, పద్దెనిమిది దాటాక కూడా కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. గీతకు అవతల ఉన్నవాడికి ముక్కూ మొహం తెలియని మగవాళ్లతో పంచుకునే హోటలు గది, వారానికి కాసిని పౌనులు, నిర్బంధ కేంద్రం భయం. పదహారేళ్ల పిల్లవాణ్ణి గీత దాటించి పారేస్తే అతనికి పోయేది ఒక అంకె కాదు. బడి, డాక్టరు, తలుపుకు గడియ, మాట వినే మనిషి అన్నీ ఒక్కసారే పోతాయి. ఇలా జరగడం అరుదని ఎవరైనా అంటే, 2022 ఒక్క సంవత్సరంలోనే సరిహద్దులో పెద్దవాళ్లని తేల్చి పంపిన వారిలో ఎనిమిది వందల మందికి పైగా పిల్లలేనని కౌన్సిళ్లు తరువాత గుర్తించిన సంగతి వారికి చెప్పండి.

ఆ సరిహద్దు తీర్పు ఎలా జరుగుతుందనుకున్నారు? ఇద్దరు అధికారులు వాలకమూ నడవడీ చూసి "పద్దెనిమిదికి బాగా ఎక్కువే" అనుకుంటే చాలు. సముద్రం మీద తడిసి, నిద్ర లేక, నెలల తరబడి అడవుల్లో పడుకుని వచ్చిన పిల్లవాడి వాలకం ఎలా ఉంటుంది? ఎండలో పత్తి ఏరే పాలమూరు కుర్రవాణ్ణి, హైదరాబాదు కాన్వెంటు కుర్రవాణ్ణి పక్కపక్కన నిలబెట్టి ఎవరు పెద్దో చెప్పమంటే మనలో ఎంతమంది తప్పకుండా చెప్పగలం? కౌన్సిళ్లు చేసే విచారణ ఇంతకన్నా మేలు. 2003 నాటి మెర్టన్ కేసు తరువాత సోషల్ వర్కర్లు తీరికగా కూర్చోబెట్టి మాట్లాడాలనీ, తమ అనుమానాలు పిల్లవాడి ముందు పెట్టి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ ఒక పద్ధతి ఏర్పడింది. 2009లో క్రాయిడన్ కౌన్సిలు కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, వయసు అన్నది అధికారి అభిప్రాయం కాదు, ఉన్నదో లేదో తేలవలసిన వాస్తవం, తేల్చవలసింది చివరికి కోర్టే అన్నది. మంచి తీర్పే. కాని కోర్టు దాకా వెళ్లేసరికి ఎంతమందికి పద్దెనిమిది నిజంగానే దాటిపోతుందో ఆలోచించండి.

ఇక మన మిత్రులు సర్వరోగ నివారిణిలాగా చెబుతున్న ఎక్స్‌రే సంగతికి వద్దాం. ఇక్కడ మాకు మొహమాటం లేదు, ఇది మన శాస్త్రం.

ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే పక్కన పెట్టి చూసే పుస్తకం గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు తయారు చేసిన అట్లాసు. 1950లో మొదటి కూర్పు, 1959లో రెండోది. అందులోని బొమ్మలు అమెరికాలో క్లీవ్‌లాండు నగరపు తెల్లవారి పిల్లలవి, అదీ కలిగిన ఇళ్ల పిల్లలవి, 1931కీ 1942కీ మధ్య తీసినవి. పాలూ గుడ్లూ తిని పెరిగిన ఆ పిల్లల ఎముకలతో ఎరిత్రియా పిల్లవాడి ఎముకను పోల్చడం తగునా అని అందరూ అడిగే ప్రశ్నే. తిండిలేమి, దీర్ఘరోగాలు ఎముక ఎదుగుదలను వెనక్కి లాగుతాయి; కొన్ని జనసమూహాల్లో యౌవనంలో అది ముందుకూ ఉరుకుతుంది. కాని మా ఆక్షేపణ అంతకన్నా మౌలికమైనది. ఆ అట్లాసును ఎందుకు తయారు చేశారు? వయసు తెలిసిన పిల్లవాడి ఎముక ఆ వయసుకు తగ్గట్టు ఎదిగిందా లేదా చూడడానికి. పన్నెండేళ్ల బిడ్డ పొట్టిగా ఉందని తల్లి తీసుకువస్తే, థైరాయిడు లోపమో గ్రోత్ హార్మోను లోపమో పట్టుకోవడానికి. అక్కడ వయసు తెలుసు, ఎముక సంగతి తెలియదు. ఎముక తొమ్మిదేళ్ల బొమ్మతో సరిపోయిందనుకోండి, బిడ్డకు తొమ్మిదేళ్లని మనలో ఎవరైనా రాస్తామా? పన్నెండేళ్ల బిడ్డకు ఎముక ఎదుగుదల వెనకబడిందని రాస్తాం. అంటే వయసూ ఎముకా ఒకటి కావు కాబట్టే ఆ పరీక్షకు ప్రయోజనం ఉంది! అదే పరీక్షను తిరగేసి, ఎముక ఇలా ఉంది కనుక వయసు ఇంత అని చెప్పమనడం, థర్మామీటరు చూసి రోగి పేరు చెప్పమన్నట్టుంది.

పైగా ఆ అట్లాసులో మగపిల్లల ఆఖరి బొమ్మ పందొమ్మిదేళ్లది, ఆడపిల్లలది పద్దెనిమిది. అవి సగటులు. సగటుకు ముందే ఎముక పూర్తిగా అతుక్కున్న పదహారేళ్ల వాళ్లుంటారు, పదిహేడేళ్ల వాళ్లు మరింత మంది ఉంటారు. వాళ్లందరూ ఎక్స్‌రేలో పెద్దవాళ్లే. జ్ఞానదంతం చూద్దామంటే కొందరికి అది అసలు మొలవనే మొలవదు. ఈ దేశపు పిల్లల వైద్యుల రాయల్ కాలేజి 1999లో ఇచ్చిన సూచనల్లో, వయసు అంచనాలో పొరపాటు ఒక్కొక్కప్పుడు అటు అయిదేళ్లు, ఇటు అయిదేళ్లు దాకా పోవచ్చని చెప్పింది. 2016 అక్టోబరులో కాలే శిబిరం నుంచి పిల్లలు వచ్చినప్పుడు పళ్లు చూసి వయసు తేల్చాలని ఒక పార్లమెంటు సభ్యుడు గోల చేస్తే, ఈ దేశపు దంతవైద్యుల సంఘం అది సరైన పరీక్షా కాదు, నైతికమూ కాదని బహిరంగంగా కాదన్నది. పళ్లు చూసేవాళ్లకు ఉన్న తెగువ ఎముకలు చూసే మనకు లేకుండా పోవాలా?

ఫోరెన్సిక్ మెడిసిన్‌లో మనం గాల్‌స్టన్ పట్టిక బట్టీ పట్టి వచ్చినవాళ్లమే కదా, మన దేశంలో పోలీసులు తీసుకువస్తే వయసు రాసి ఇవ్వడం లేదా అని ఒక మిత్రుడు అడిగాడు. రాస్తున్నారు. కాని మన సుప్రీంకోర్టు 1982లోనే, జమ్మూ కాశ్మీరుకు చెందిన ఒక నిర్బంధం కేసులో, ఎక్స్‌రే చెప్పే వయసులో అటు రెండేళ్లు ఇటు రెండేళ్లు తేడా ఉండవచ్చునన్నది రుజువు అక్కరలేని సంగతి అన్నది. 2015 నాటి మన బాలల న్యాయ చట్టం కూడా ముందు బడి సర్టిఫికెట్టు చూడమంది, అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన పత్రం చూడమంది. ఆ రెండూ లేనప్పుడే ఎముక జోలికి వెళ్లమంది. అంటే మన దేశంలో హెడ్‌మాస్టరుగారి జూలై 1కి ఎముక కన్నా పెద్దపీట! నవ్వొచ్చినా అందులో ఒక వివేకం ఉంది.

ఈ దేశంలో ఇదేమీ కొత్త కాదు. దీనికి బలైనవాళ్లు ఒకప్పుడు మనవాళ్లే. 1970ల్లో భారత ఉపఖండం నుంచి తండ్రుల దగ్గరకు వచ్చే పిల్లల వయసు నమ్మక, బ్రిటిషు వీసా కార్యాలయాలు వాళ్ల చేతులకు ఎక్స్‌రేలు తీయించాయి. 1979లో హీత్రూ విమానాశ్రయంలో పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ స్త్రీకి కన్యాత్వ పరీక్ష చేశారని గార్డియన్ పత్రిక బయటపెట్టినప్పుడు దేశమంతా అట్టుడికింది. ఆ పరీక్ష చేసినదీ ఒక వైద్యుడే అన్న సంగతి మనం మరచిపోకూడదు. ఆ గొడవ మీద ప్రధాన వైద్యాధికారి యెల్లోలీస్ విచారణ జరిపి 1980లో నివేదిక ఇచ్చాడు. 1982లో హోంమంత్రి విలియం వైట్‌లా వయసు కోసం ఎక్స్‌రే తీయడం ఆపించాడు. కన్సర్వేటివు మంత్రి ఆపించినదాన్ని మళ్లీ తెమ్మని ఈనాడు తెలుగు వైద్యుడు అడుగుతున్నాడంటే ఏమనుకోవాలి?

ఆ కథలో అసలు చేదు భాగం తరువాత వచ్చింది. 1985లో లెస్టరు విశ్వవిద్యాలయంలో జెఫ్రీస్ కనిపెట్టిన డి.ఎన్.ఎ. పరీక్షతో ఘనా నుంచి వచ్చిన ఒక బాలుడు తన తల్లికి బిడ్డేనని రుజువైంది. దానితో బంగ్లాదేశ్ కుటుంబాలు ఎన్నో ముందుకు వచ్చాయి. అబద్ధాలని కొట్టివేసిన బంధుత్వాలు నిజమేనని తేలాయి. అయితే ఏం లాభం? అప్పటికి ఆ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది దాటిపోయింది. 1989లో హోంమంత్రి డగ్లస్ హర్డ్, వయసు దాటిన అలాంటివారిని ప్రత్యేకమైన జాలి కారణాలుంటే తప్ప రానివ్వబోమని ప్రకటించాడు. తప్పుగా కాదన్నది వీళ్లే, ఆలస్యం చేసినది వీళ్లే, ఆ ఆలస్యంలో పెరిగిన వయసును చూపించి తలుపు మూసినదీ వీళ్లే. వయసును ఆయుధంగా వాడడమంటే ఇదే.

ఇంకా వెనక్కి వెళదాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బను చేరింది. నాతాలు చెరకు తోటలకు కూలికి వెళ్లిన తొలి ఓడ అది, అందులో తెలుగువాళ్లున్నారు. ఆ ఓడల జాబితాల్లో పేరు, ఊరు, కులం, ఒంటిమీది మచ్చలతోబాటు వయసూ రాసేవారు. చూపు మీద వేసిన ఉజ్జాయింపు అంకె కాక అది మరేమిటి? తరువాత ఆ అంకెకు పళ్లు మొలిచాయి. ఒప్పందం ముగిసి నాతాలులోనే ఉండిపోదలచిన కూలీల మీద 1895 చట్టం ఏటా మూడు పౌనుల పన్ను వేసింది. 1903లో దాన్ని వాళ్ల పిల్లల మీదికి కూడా జరిపారు. మగపిల్లలకు పదహారేళ్ల నుంచి, ఆడపిల్లలకు పదమూడేళ్ల నుంచి! పదమూడేళ్ల పిల్ల పన్ను కట్టవలసిన పెద్దమనిషి అయింది. గాంధీగారి సత్యాగ్రహం, గని కార్మికుల సమ్మె జరిగి 1914లో గాని అది రద్దు కాలేదు. అంటే ప్రభుత్వానికి పన్ను కావలసినప్పుడు పిల్లలు త్వరగా పెద్దవాళ్లవుతారు, ఖర్చు తప్పించుకోవలసినప్పుడూ త్వరగానే పెద్దవాళ్లవుతారు. ఎముకలు మాత్రం వాటి దారిన అవి పెరుగుతుంటాయి.

మళ్లీ ఇప్పటికి వద్దాం. 2022 జాతీయత, సరిహద్దుల చట్టం శాస్త్రీయ పద్ధతులకు దారి తెరిచింది. పరీక్షకు సరైన కారణం లేకుండా ఒప్పుకోనివాడి మాటకు విలువ తగ్గించి చూడాలని కూడా అందులో రాశారు. అంటే "నీ ఇష్టమే, కాని ఒప్పుకోకపోతే నువ్వు అబద్ధాలకోరువి" అన్నమాట. అంగీకార పత్రం మీద సంతకం ఎలా తీసుకోవాలో మనకు రోజూ పాఠాలు చెప్పే దేశంలో దీన్ని అంగీకారమంటారట! ప్రభుత్వం వేసిన శాస్త్రవేత్తల సంఘమే 2023 జనవరి నివేదికలో, ఏ పద్ధతీ వయసును కచ్చితంగా చెప్పలేదని ఒప్పుకుంది. పిల్లవాడు చెప్పిన వయసు కుదిరే అవకాశం ఉందా లేదా అన్నది మటుకు పళ్లు, మణికట్టు, మోకాలు, కంటియెముక కలిపి చూసి అంచనా వేయవచ్చంది. వాళ్ల జాగ్రత్తను మేము గౌరవిస్తాం. కాని ఆ జాగ్రత్త నివేదికలోనే ఉండిపోతుంది; అధికారి బల్ల మీదికి వచ్చేసరికి మిగిలేది "ఎక్స్‌రేలో పెద్దవాడని తేలింది" అన్న ఒక్క వాక్యం. 2024లో ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ.లకు నిబంధనలూ వచ్చాయి. ఆ తరువాత ప్రభుత్వం మారింది. 2025 జూలైలో కొత్త ప్రభుత్వం, ముఖం ఫోటో చూసి వయసు చెప్పే కంప్యూటరే చౌక అని, దాన్ని పరీక్షించి 2026లో ప్రవేశపెట్టాలని చూస్తున్నామని ప్రకటించింది. సారా దుకాణం దగ్గర కుర్రవాణ్ణి ఆపడానికి పనికివచ్చే యంత్రం ఇది. అక్కడ తప్పు జరిగితే ఒక సీసా పోతుంది.

పాతికేళ్లవాణ్ణి పదిహేనేళ్ల ఆడపిల్లల బడిలో కూర్చోబెడితే ఆ పిల్లల గతేమిటన్న ప్రశ్నకు మేము జవాబు దాటవేయడం లేదు. అలాంటివాళ్లు వస్తారు, వచ్చారు. వాళ్లను పట్టుకోవాలి కూడా. అయితే అనుమానం తేలేవరకు పదహారు, పదిహేడేళ్లమని చెప్పేవాళ్లను చిన్నపిల్లలతోనూ కాక, పెద్దవాళ్లతోనూ కాక వేరే ఇళ్లలో కనిపెట్టి ఉంచడం చేతకాని పని కాదు. డబ్బు ఖర్చయ్యే పని. నెలల తరబడి దగ్గర నుంచి చూసిన సోషల్ వర్కరుకు, టీచరుకు, పెంచే తల్లికి తెలిసేది ఎక్స్‌రేకు తెలియదు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి మన చదువును అడ్డం పెట్టుకుంటున్నారు.

"మనం చట్టప్రకారం వచ్చాం, మనకెందుకు" అనే మిత్రులకు ఒక మాట. ఇంటి దగ్గర తాతమ్మల వద్ద పెద్దపిల్లను వదిలి వచ్చిన నర్సమ్మలు మనలో లేరా? వీసా అర్జీ పెట్టే రోజుకు ఆ పిల్లకు పద్దెనిమిది నిండితే, అంతకుముందే ఇక్కడ ఆశ్రితురాలిగా ఉంటే తప్ప, తల్లి వెంట రావడానికి వీలులేదు. ఆ పద్దెనిమిదిని లెక్కపెట్టేది ఏ తేదీ నుంచి? ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి హెడ్‌మాస్టరుగారు ఏడాది పెంచి రాసిన తేదీ నుంచి. అసలు పుట్టింది ఫలానా రోజని తల్లి మొత్తుకున్నా ఎవరూ వినరు, కాగితమే నిజం. పడవలో వచ్చిన పిల్లవాడికి కాగితం లేదు గనుక ఎముక నిజం. తల్లి మాట, బిడ్డ మాట మాత్రం ఎక్కడా నిజం కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఒక తీర్మానం పెట్టబోతున్నాం. చికిత్సతో సంబంధం లేకుండా, వలస అధికారుల కోసం మాత్రమే అడిగే వయసు పరీక్షల్లో మన సంఘానికి చెందిన వైద్యులు, దంతవైద్యులు, రేడియాలజిస్టులు పాల్గొనరాదనీ, కోర్టు ఆజ్ఞ మీద అభిప్రాయం చెప్పవలసి వస్తే ఒక్క అంకె రాయకుండా, తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు అంకెలూ రాసి, ఆ రెంటి మధ్య ఏ వయసైనా కావచ్చునని స్పష్టంగా చేర్చాలనీ దాని సారాంశం. కాదనేవాళ్లు కూడా తప్పక రండి. వచ్చేటప్పుడు మీ పదో తరగతి సర్టిఫికెట్టు వెంట తెచ్చుకోండి.